రాళ్ళు కూడా దాచుకోవాలి



కోనసీమలో గునపం పెట్టి ఎంత తవ్వినా ఒండ్రుమట్టి, ఇసక తప్ప రాయి తగలదు. రోడ్డుకేసే నల్లకంకర కూడా బయటినుంచి లారీల మీద రావాల్సిందే. అలాంటి చోట రాళ్ళ గురించి మనకెందుకు అనుకోకండి.

ఆ నల్లరాయి కథ

రాజమండ్రి పక్కన కాటేరులోనూ, గోదావరి అవతల పంగిడి, దుద్దుకూరు వైపూ నల్లరాయి ఉంది. దాని పేరు బసాల్టు. సుమారు 6.6 కోట్ల ఏళ్ళ కిందట పడమటి కనుమల వైపు పొంగిన లావా, దాదాపు వెయ్యి కిలోమీటర్లు పారి ఇక్కడ గడ్డకట్టిందని శాస్త్రజ్ఞులు చెబుతారు. రెండు లావా పొరల నడుమ ఇంకో పొర ఉంది. అందులో రాయిగా మారిన సముద్రపు గుల్లలుంటాయి. వీటినే శిలాజాలు అంటారు. అంటే ఒకప్పుడు సముద్రం అక్కడిదాకా ఉండేదన్నమాట!

స్టీఫెన్ హిస్లాప్ అనే మిషనరీ 1860లోనే ఈ గుల్లలకి పేర్లు పెట్టి అచ్చువేశాడు. 2008లో గెర్టా కెల్లర్ బృందం అదే పొరలోని, కంటికానని జీవుల గుల్లలు పరీక్షించింది. డైనోసార్లు అంతరించిన కాలానికీ ఈ లావాకీ సంబంధం ఉందని చెప్పింది. 2011లో ఓఎన్‌జీసీ బావుల్లోంచి తీసిన నమూనాలు కూడా చూశారు. చమురు కోసం తవ్విన బావులవి. నమూనాలు దాచబట్టి వేరే ప్రశ్నకీ జవాబు దొరికింది. పారేసుంటే మళ్ళీ వేల మీటర్లు తవ్వాలి, ఎన్ని కోట్లవుతాయో!

క్వారీలో రాయి కొట్టేకొద్దీ గుల్లల పొర కూడా పోతుంది. రోడ్లూ కావాలి కాబట్టి కొట్టొద్దనలేం. కానీ పొర పోయాక మిగిలేది బీరువాలో దాచిన ముక్కే.

చీటీయే ప్రాణం

ఎక్కడ దొరికింది, ఏ పొరలో, ఏ తేదీన, ఎవరు తీశారు – ఈ నాలుగూ లేకపోతే అది ఉత్త రాయే. మన చెమ్మకి కాయితం చీటీ పాడైపోతుంది, పురుగు తింటుంది. అందుకే రాయి మీద ఓ మూల తెల్లరంగు చుక్క పెట్టి, దాని మీద నెంబరు వెయ్యాలి. అదే నెంబరుతో వివరాలన్నీ రిజిస్టర్లో రాయాలి. ఒకదానికొకటి రాసుకోకుండా ముక్కముక్కకీ పాత పేపరు చుట్టాలి.

మన పేరున్న రాయి

తూర్పు కనుమల్లో ఖోండలైట్ అనే రాయి ఉంది. వాకర్ అనే శాస్త్రజ్ఞుడు 1902లో ఖోండుల పేరు మీదే దానికి ఆ పేరు పెట్టాడు. మన అడవి బిడ్డల పేరు ప్రపంచమంతా పుస్తకాల్లో ఉంది. ఆ రాయి మాత్రం మన బళ్ళో లేదు!

కాబట్టి ఈ సంక్రాంతి సెలవులకి ఊరెళ్ళేవాళ్ళు, కొండవాలున విడిగా పడున్న రాయి ఒక్కటి తెండి. గుళ్ళ దగ్గరా, పెద్దల సమాధుల దగ్గరా ముట్టుకోవద్దు. రాయి పేరు తెలియకపోయినా ఫర్వాలేదు, ఊరి పేరు తప్పనిసరి. పెద్దవాళ్ళు దాన్ని ఏమని పిలుస్తారో అదీ రాసుకు రండి. వార్డెను గారు ఒక అర, ఒక రిజిస్టరు ఇప్పిస్తే చాలు. మనం వెళ్ళిపోయినా మన తరవాతి బ్యాచి చూస్తుంది.