ఫొటోల మీద పరిశోధనకు ఉచిత సాఫ్ట్‌వేర్ పనికొస్తుందా?

ఈ ఎపిసోడ్‌లో ఇమేజ్ ప్రాసెసింగ్, కంప్యూటర్ విజన్ పరిశోధనకు వాడే ఉచిత సాఫ్ట్‌వేర్ల గురించి మాట్లాడుకుందాం. ఎంటెక్, పీహెచ్‌డీ చేస్తున్నవాళ్లు నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది. "సార్, మా దగ్గర ఖరీదైన సాఫ్ట్‌వేర్ లేదు. ఊరికే దొరికేవాటితో చేస్తే పేపర్‌కి పనికొస్తుందా?" అని. పనికొస్తుంది. ఇంకా చెప్పాలంటే చాలాచోట్ల అదే మేలు. ఎందుకో ఒక చిన్న ఉదాహరణతో చూద్దాం.

ఒక నల్లగుడ్డ మీద గుప్పెడు బియ్యం చల్లి, పైనుంచి ఫొటో తీశారనుకోండి. ఎన్ని గింజలున్నాయో, వాటిలో నూకలెన్నో కంప్యూటర్ లెక్కపెట్టాలి. దీనికి ఇమేజ్‌జే అనే సాఫ్ట్‌వేర్ చాలు. అమెరికాలోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్స్ ఆఫ్ హెల్త్‌లో వేన్ రాస్‌బాండ్ అనే ఆయన దీన్ని 1997లో మొదలుపెట్టారు. అంతకు పదేళ్ల ముందు, మ్యాకింటాష్ కంప్యూటర్ల కోసం ఆయనే చేసిన ప్రోగ్రామ్‌కి ఇది వారసురాలు. దీనికి రకరకాల ప్లగిన్లు ముందే చేర్చి ఇచ్చే ప్యాకేజీ పేరు ఫిజీ. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ఫిజీనే దించుకోండి.

ఇప్పుడు పని చూద్దాం. ముందు ఫొటోని నలుపు-తెలుపుగా మార్చాలి. అప్పుడు ప్రతి పిక్సెల్‌కీ 0 నుంచి 255 లోపు ఒక అంకె ఉంటుంది. 0 అంటే కటిక నలుపు, 255 అంటే పూర్తి తెలుపు. తర్వాత ఒక గీత గీయాలి: ఈ అంకె దాటితే గింజ, దాటకపోతే గుడ్డ. ఈ గీతనే థ్రెషోల్డ్ అంటారు. ఇది ఎక్కడ గీయాలి? 1979లో జపాన్‌కి చెందిన నోబుయుకి ఒట్సు ఒక పద్ధతి చెప్పారు. పిక్సెళ్లని రెండు గుంపులుగా విడదీసినప్పుడు, ఏ గుంపుకా గుంపులో తేడాలు వీలైనంత తక్కువగా ఉండేలా గీత పెట్టమన్నారు. ఇమేజ్‌జేలో ఉన్న పద్ధతుల్లో ఇదొకటి.

అక్కడితో అయిపోలేదు. ఒకదాన్నొకటి ఆనుకున్న గింజలు ఒకటే గింజగా లెక్కలోకి వస్తాయి. వాటిని విడదీయడానికి వాటర్‌షెడ్ అనే ఆప్షన్ ఉంది. గుడ్డ మీది దుమ్ము కూడా గింజగా పడుతుంది. అందుకని ఇంతకంటే చిన్నవాటిని వదిలెయ్యమని ఒక హద్దు ఇవ్వాలి. ఆ హద్దు మరీ పెంచితే దుమ్ముతోపాటు నూకలూ ఎగిరిపోతాయి. కిటికీ ఒక పక్కనే ఉండి వెలుతురు సమంగా పడకపోతే, ముందు బ్యాక్‌గ్రౌండ్‌ని సరిచెయ్యాలి.

ఇప్పుడు ఆలోచించండి. థ్రెషోల్డ్ కొంచెం జరిపినా, దుమ్ము హద్దు మార్చినా గింజల సంఖ్య మారుతుంది. బియ్యం అయితే చేత్తో లెక్కపెట్టి సరిచూసుకోవచ్చు. అదే పని రక్తకణాల మీద, క్యాన్సర్ కణాల మీద చేస్తే? మీ పేపర్‌లో అంకె ఒక్కటే రాస్తే ఎదుటివాడు దాన్ని నమ్మాలే తప్ప పరీక్షించలేడు. ఉచిత సాఫ్ట్‌వేర్ అసలు లాభం ఇక్కడుంది. ఇమేజ్‌జేలో రికార్డ్ అనే సౌకర్యం తెరిచి పెట్టుకుంటే, మీరు నొక్కిన ప్రతి ఆప్షనూ వరుసగా రాసుకుంటుంది. ఆ నాలుగు లైన్లు, మీ ఫొటోలు కలిపి ఇస్తే, ఇంకో ఊళ్లో ఇంకో విద్యార్థి పైసా ఖర్చు లేకుండా మీ లెక్కని మళ్లీ చేసి చూడొచ్చు. అనుమానం వస్తే సోర్స్ కోడ్ తెరిచి, లోపల ఏం జరుగుతోందో కూడా చదవొచ్చు.

పది ఫొటోలు దాటి పదివేలైతే కోడ్ రాయక తప్పదు. పైథాన్ వచ్చినవాళ్లకి సైకిట్-ఇమేజ్ హాయిగా ఉంటుంది. వీడియో, కెమెరా, వేగం కావాలంటే ఓపెన్‌సీవీ. ఇది 1999లో ఇంటెల్ కంపెనీలో మొదలైంది. ఒక జాగ్రత్త చెప్తాను: ఓపెన్‌సీవీ రంగుల్ని నీలం, ఆకుపచ్చ, ఎరుపు వరుసలో చదువుతుంది. మిగతా లైబ్రరీలు చాలావరకు ఎరుపుతో మొదలుపెడతాయి. ఆ వరుస మార్చకుండా బొమ్మ చూపిస్తే మనుషుల మొహాలు నీలంగా కనిపిస్తాయి. కంగారు పడకండి, ఫొటో పాడవలేదు.

ఉచితం అంటే డబ్బు ఇవ్వక్కర్లేదని మాత్రమే కాదు, వాడుకునే స్వేచ్ఛ కూడా. సిఫ్ట్ కథే చూడండి. రెండు ఫొటోల్లో ఒకే వస్తువుని గుర్తుపట్టే ఈ పద్ధతిని కెనడాలోని డేవిడ్ లో 1999లో ప్రచురించారు. అందరూ చదివారు, పాఠాల్లో చెప్పారు. కానీ దాని మీద అమెరికాలో పేటెంట్ ఉండటంతో, ఓపెన్‌సీవీ దాన్ని పక్కన వేరే విభాగంలో పెట్టాల్సి వచ్చింది. ఆ ఇబ్బంది లేని ప్రత్యామ్నాయంగా 2011లో ఆర్బ్ అనే పద్ధతి వచ్చింది. చివరికి 2020లో పేటెంట్ గడువు తీరాక సిఫ్ట్ ప్రధాన లైబ్రరీలోకి చేరింది. అంటే కోడ్ కళ్ల ముందే ఉన్నా, దాన్ని వాడే హక్కు వేరే సంగతి. ఇవాళ్టి న్యూరల్ నెట్‌వర్క్ మోడళ్లకీ ఇదే వర్తిస్తుంది. కోడ్‌కి ఒక లైసెన్సు, శిక్షణ పొందిన మోడల్‌కి ఇంకొకటి, దానికి వాడిన ఫొటోలకి మరొకటి ఉండొచ్చు. మూడూ చదవండి.

కాబట్టి పని మొదలుపెట్టే ముందు ఈ అలవాట్లు చేసుకోండి. ఫొటోని టిఫ్ ఫార్మాట్‌లో దాచండి. జేపెగ్ సైజు తగ్గించడం కోసం వివరాలు పోగొడుతుంది. అసలు ఫైల్ మీద ఎప్పుడూ పని చెయ్యొద్దు, కాపీ మీదే చెయ్యండి. సాఫ్ట్‌వేర్ పేరుతోపాటు వెర్షన్ నంబరు రాయండి. థ్రెషోల్డ్ పద్ధతి, సైజు హద్దు పేపర్‌లో చెప్పండి. కొన్ని ఫొటోలనైనా చేత్తో లెక్కపెట్టి పోల్చండి.

"ఈ అంకె ఎలా వచ్చింది?" అని గైడు అడిగితే, సాఫ్ట్‌వేర్ ఇచ్చింది సార్ అనడం జవాబు కాదు. ఒక్కో మెట్టూ చూపించగలగాలి. ఈ వారం ఫిజీ దించుకుని, ఇంట్లో బియ్యంతోనే ప్రయత్నించండి. థ్రెషోల్డ్‌ని కాస్త అటూ ఇటూ జరిపి, లెక్క ఎంత మారుతుందో మీరే చూడండి.