బిడ్డ కన్ను పెద్దదవుతోందా?

పొన్నూరు చుట్టుపక్కల మిరపకోతలు మొదలైతే చంటిబిడ్డల తల్లులు కూడా చేలకు వెళతారు. చెట్టుకు ఉయ్యాల కట్టి బిడ్డను పడుకోబెడతారు. ఒక్కోసారి బిడ్డ వెలుతురు చూడలేక కళ్ళు గట్టిగా మూసుకుంటుంది. కళ్ళ వెంట నీరు కారుతుంది. మిరప ఘాటు అనుకుంటారు. చూసినవాళ్ళు "చారెడేసి కళ్ళు" అని మురిసిపోతారు. దిష్టి తగిలిందని దిష్టి తీస్తారు.

కానీ అది నీటికాసుల జబ్బు కావచ్చు. దీన్నే గ్లకోమా అంటారు. ఇది పెద్దవాళ్ళకే కాదు, పసిబిడ్డలకీ వస్తుంది.

కంటి నల్లగుడ్డు మీద గడియారం అద్దంలాంటి పొర ఉంటుంది. దాని పేరు కార్నియా. కంటి లోపల ఎప్పుడూ ఒక నీరు ఊరుతుంది. అది కన్నీరు కాదు. ఊరిన నీరు సన్నని దారి గుండా బయటికి పోతుంది. తూము పూడితే కాలవలో నీరు ఎగదన్నుతుంది కదా! అలాగే ఆ దారి సరిగా ఏర్పడకపోతే కంట్లో ఒత్తిడి పెరుగుతుంది.

పసిబిడ్డ కన్ను మెత్తన. ఒత్తిడికి బుడగలా సాగుతుంది. కార్నియా వెడల్పవుతుంది. పుట్టినప్పుడు దాని వెడల్పు సుమారు 10 మిల్లీమీటర్లు. ఏడాదిలోపు 12 దాటితే డాక్టర్లు అనుమానిస్తారు. సాగిన కార్నియా లోపలి పొర చిట్లుతుంది. నీరు పట్టి తెల్లగా మసకబారుతుంది. వెనక ఉన్న చూపు నరం కూడా దెబ్బతింటుంది. నరం దెబ్బతిని పోయిన చూపు తిరిగి రాదు. ఉన్న చూపును కాపాడుకోవాలి.

పెద్దవాళ్ళ కన్ను ఇలా సాగదు. అందుకే వాళ్ళలో ఈ జబ్బు చాలాసార్లు పైకి కనపడదు.

ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 3,300 కాన్పులకు ఒక బిడ్డకు ఈ జబ్బు ఉంటుందని 1990లలో లెక్క కట్టారు. మేనరికాల వల్ల ఇది వచ్చే అవకాశం పెరుగుతుంది. ఇందులో తల్లి తప్పేమీ లేదు.

దీనికి ముఖ్యమైన వైద్యం ఆపరేషన్. హైదరాబాదు ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రిలో డాక్టర్ అనిల్ కుమార్ మండల్ నెల నిండని బిడ్డలకు కూడా ఈ ఆపరేషన్ చేశారు. 2003లో ఆయనకు భట్నాగర్ బహుమతి వచ్చింది.

నీరు కారే ప్రతి కన్నూ నీటికాసులు కాదు. డాక్టరు చూస్తేనే తెలుస్తుంది. నల్లగుడ్డు పెద్దదవుతున్నా, మసకబారినా, బిడ్డ వెలుతురు చూడలేకపోయినా ఆగకూడదు. పొన్నూరు వాళ్ళకు గుంటూరు పెద్దాసుపత్రి దగ్గరే. కోతలు రేపు కూడా ఉంటాయి. బిడ్డ చూపు పోతే మళ్ళీ రాదు.