ముద్రికయు తాళపుచెవియు: ఉత్కంఠకథలలో నాయక ప్రతినాయకులు

‘ఉత్కంఠ’ యను సంస్కృతపదమునకు మెడ పైకెత్తి యెదురుచూచుట, అందుండి పుట్టిన తహతహ, అను భావములు ప్రసిద్ధములు. అష్టవిధనాయికలలో విరహోత్కంఠిత యొకతె. ప్రియుడు రావలసియున్నాడని ఆమె యెఱుగును. ఏల ఆలస్యమైనదో యెఱుగదు. రావలెనని మాత్రము గాఢముగా కోరును. కొంత యెఱుక, కొంత యెఱుగమి, ఒక బలమైన కోరిక, ఈ మూడును కూడినచోటనే ఉత్కంఠ యున్నది. నేడు ‘సస్పెన్సు’ అను నర్థమున తెలుగువారు ఈ పదమునే వాడుచున్నారు. ఈ వాడుక మిక్కిలి సార్థకమని మా యభిప్రాయము.

మా విద్యార్థులు కొందఱు నేరపరిశోధనకథలను, చలనచిత్రముల కుద్దేశించిన చిత్రానువాదములను వ్రాసి మాకు చూపుచుందురు. వానిలో పెక్కింట రెండు నమ్మకములు కాననగును. హంతకుడెవరో కడపటి దృశ్యము వఱకు దాచుటయే ఉత్కంఠ యనునది మొదటిది. ప్రతినాయకుని నెంత క్రూరునిగా చూపిన కథ కంత బలమనునది రెండవది. ఇట్టి కథలో హంతకుని పేరు తెలిసినపిదప మఱల చదువ బుద్ధి పుట్టదు. ఒక్క పేరుపై నిలిచిన కథ ఆ పేరుతోనే పడిపోవును.

ఈ నమ్మకములు సరికావని చూపుటకు రెండు కృతులను ప్రక్కప్రక్కన నుంచి పరిశీలింతము. ఒకటి విశాఖదత్తుని ముద్రారాక్షసము. రెండవది హిచ్‌కాక్ దర్శకత్వమున 1946లో వెలువడిన ‘నటోరియస్’. దీని చిత్రానువాదకర్త బెన్ హెక్ట్. ఒకదాని ప్రభావము వేఱొకదానిపై కలదని మేము చెప్పుట లేదు. వేర్వేఱు కాలములందు, వేర్వేఱు దేశములందు, ఒకే చిక్కునకు ఇద్దఱు నేర్పరులు ఒకేవిధమైన పరిష్కారమును కనుగొనిరని మాత్రమే మా మనవి.

ఎఱుకను పంచుట

హిచ్‌కాక్ 1962లో ఫ్రెంచి దర్శకుడు ఫ్రాన్స్వా త్రుఫోతో జరిపిన సంభాషణలు 1966లో గ్రంథరూపమున వెలువడినవి. అందు ఆయన చెప్పిన దృష్టాంతము సుప్రసిద్ధము. ఇద్దఱు బల్ల యొద్ద కూర్చుండి మాటలాడుచుండగా క్రిందనున్న బాంబు హఠాత్తుగా ప్రేలినచో ప్రేక్షకునకు కలుగునది పదునైదు సెకండ్ల ఆశ్చర్యము. బాంబున్నట్లు ప్రేక్షకునకు ముందే తెలిసి, పాత్రలకు తెలియకున్నచో, ఆ సాధారణసంభాషణయే పదునైదు నిమిషముల ఉత్కంఠ యగును. కావున ఉత్కంఠకు మూలము గోపనము కాదు, ఎఱుకను పాత్రలకును ప్రేక్షకునకును హెచ్చుతగ్గులుగా పంచుట.

ముద్రారాక్షసమున ఈ పంపకము ప్రథమాంకముననే జరిగినది. నందవంశము నశించినను రాక్షసమంత్రి చంద్రగుప్తునిపై పగ మానలేదు. అతని నామాంకితమైన ముద్రిక, అతని భార్యాపుత్రులు తలదాచుకొన్న చందనదాసుని యింటి గడపయొద్ద జాఱిపడి, చారునిద్వారా చాణక్యుని చేజిక్కినది. చాణక్యుడు శకటదాసుని చేవ్రాతతో ఒక లేఖ వ్రాయించి దానిపై ఆ ముద్ర వేయించెను. ఆపిమ్మట తన చారుడు సిద్ధార్థకుని చెవిలో ఏమో చెప్పెను. ఉచ్చు పన్నబడినదని ప్రేక్షకుడెఱుగును. అది ఎప్పుడు ఎట్లు బిగియునో యెఱుగడు. అపాయమును చూపి దాని రూపమును దాచుట విశాఖదత్తుని పద్ధతి.

‘నటోరియస్’ కథ రియో డి జెనీరో నగరమున జరుగును. అమెరికా గూఢచారి డెవ్లిన్ ప్రోద్బలమున అలీషియా నాజీముఠాకు చెందిన సెబాస్టియన్ యింట ప్రవేశించి అతని భార్య యగును. మద్యము నిలువయుంచు నేలమాళిగ తాళపుచెవిని భర్త గుత్తినుండి ఆమె తీసికొనును. ఆ రాత్రి యింట విందు. కెమెరా మేడపైనుండి క్రమముగా దిగి జనసమ్మర్దము నడుమ ఆమె పిడికిటనున్న తాళపుచెవిని చూపును. పైన షాంపేన్ సీసాలు ఒక్కొక్కటిగా తఱిగిపోవుచుండును. అవి యైపోయిన క్రొత్తవానికై నేలమాళిగకు పోవలసివచ్చును. గడియారమును చూపకయే కాలము తఱుగుచున్నదని చూపిన యుపాయమిది.

ఈ రెండు కృతులందును అపహృతమైన వస్తువు యజమానుని చేతికి తిరిగి వచ్చుట గమనింపదగినది. గుత్తినుండి మాయమైన తాళపుచెవి మఱునాటి యుదయమునకు యథాస్థానమున నుండుట చూచి సెబాస్టియన్ సత్యమును గ్రహించును. ముద్రిక సిద్ధార్థకునిద్వారా మరలి వచ్చినప్పుడు రాక్షసుడు దానిని సహజముగా భావించి, శకటదాసుని దానితోనే వ్యవహరింపుమనును. ఒకడు అనుమానించుటవలన అలీషియాకు అపాయము. వేఱొకడు అనుమానింపమివలన తనకే అపాయము. వస్తుప్రత్యాగమనము ఒక్కటే యైనను, ఎవ్వరి కేమి తెలియును అనుదానిని బట్టి ఫలము మాఱినది.

ప్రతినాయకుని కొలత

ప్రతినాయకుడు లుబ్ధుడు, ధీరోద్ధతుడు, స్తబ్ధుడు, పాపి, వ్యసని యని ధనంజయుడు దశరూపకమున లక్షణము చెప్పెను. రాక్షసుడు ఈ లక్షణమునకు లొంగడు. అతనిది స్వామిభక్తి, అతని కుత్సాహము, నీతి, స్నేహము అన్నియు కలవు. అట్టివానిని చంపుటకు కాక, తన శిష్యునకు మంత్రిగా సంపాదించుటకే చాణక్యుడు ఇంత శ్రమపడెను. ప్రతినాయకుని విలువయే కథాప్రయోజన మైనది.

సెబాస్టియన్ ద్రోహి, భార్యకు కాఫీలో కొంచెము కొంచెముగా విషము పెట్టించినవాడు. అయినను ఆమెను నిజముగా ప్రేమించినవాడు. డెవ్లిన్ తన ప్రేమను నోట పలుకక ఆమెను అనుమానముతో బాధించును. దీనిచే ప్రేక్షకుని మనస్సు రెండుగా చీలును. తుదిని డెవ్లిన్ ఆమెను మేడపైనుండి దింపుకొని పోవుచుండగా, సహచరులు చూచుచున్నందున సెబాస్టియన్ అడ్డుచెప్పజాలడు. కారు తలుపు అతనికి తెఱువబడదు. మృత్యువు వేచియున్న యింటిలోనికి అతడు మెట్లెక్కి పోవుచుండ, అతనికై కూడ మనకు భయము కలుగును. ప్రతినాయకుడు ఎంత సమర్థుడైన చిత్రమంత సఫలమగునని హిచ్‌కాక్ త్రుఫోతో చెప్పిన మాటకు ఇది యుదాహరణము.

నాయకుని నిర్ణయము

ఉత్కంఠాకథానాయకుడు అపాయములను దాటువాడు మాత్రమే కాడు, తనకు కష్టమైన నిర్ణయమును చేయవలసినవాడు. డెవ్లిన్ దాటవలసినది శత్రువుల కావలికంటె ముందు తన మౌనమును. అతడు నోరు విప్పిన క్షణముననే ఆమె ప్రాణరక్షణకు దారి యేర్పడినది. ముద్రారాక్షసమున ఇట్టి నిర్ణయము ప్రతినాయకునిపాలబడుట విశేషము. వధ్యస్థానమున నిలిచిన మిత్రుడు చందనదాసుని బ్రతికింపవలెనన్న, తాను ద్వేషించిన రాజునకు మంత్రి కావలెను. ముద్రిక, లేఖ, అన్నియు అతనిని ఈ ప్రశ్నయొద్దకు తెచ్చుటకే. మిత్రునికై అతడు మంత్రిపదవి నంగీకరించెను. ఉచ్చు ఎంత నేర్పుగా పన్నబడినను, బిగిసినది స్నేహమను త్రాటితోనే.

ఇంతమాత్రమున రహస్యమునకు కథలో చోటు లేదనరాదు. జీతు జోసెఫ్ దర్శకత్వమున మలయాళమున 2013లో వెలువడిన ‘దృశ్యం’ 2014లో శ్రీప్రియ దర్శకత్వమున వెంకటేశ్ నాయకుడుగా తెలుగున వచ్చినది. అందు మరణమెట్లు సంభవించెనో ప్రేక్షకుడు చూచియే యున్నాడు. ఎదుటనున్న పోలీసు అధికారిణి మృతుని తల్లి. ఆమె దుఃఖము సత్యము. ఆ కుటుంబము పట్టుబడునేమో యను భయముతో కథ నడచును. దాచబడినది ఒక్కటే విషయము. అదియు కడపట వెల్లడియై అంతవఱకు చూచినదానికి క్రొత్త యర్థము నిచ్చును. ఉత్కంఠ కథను మోయుచుండగా ఆశ్చర్యము దానికి శిఖరమైనది. ఆశ్చర్యముతోనే కథ నంతయు మోయింపబూనుట మా విద్యార్థుల పొరపాటు.

కావున చిత్రానువాదము వ్రాయబూనువారికి మా సూచన యిది. ప్రతిదృశ్యమునకు మూడు గడులు గీచి, ప్రేక్షకు డేమి యెఱుగును, నాయకు డేమి యెఱుగును, ప్రతినాయకు డేమి యెఱుగును అని వ్రాసికొనవలెను. వరుసగా పెక్కు దృశ్యములలో మూడు గడులును ఒకేవిధముగ నున్నచో అచ్చట కథ నిద్రించుచున్నది. పిదప ప్రతినాయకుని పక్షమున నిలిచి కథ నొకసారి తనకు తాను చెప్పుకొనవలెను. అది నమ్మదగినదిగా లేకున్న నాయకుని విజయమునకు విలువ లేదు. కడపట, రహస్యము ముందే తెలిసినవాడు ఈ కథను రెండవసారి చూచునా యని ప్రశ్నించుకొనవలెను. రాక్షసుడు లొంగునని యెఱిగియు ముద్రారాక్షసమును మఱల మఱల చదువుచున్నాము. ఎట్లు లొంగును, ఎవ్వరికొఱకు లొంగును అనునదియే మనలను కట్టిపడవేయుచున్నది.