పరిశోధన నీది, లెక్క దానిది

ఏమ్మా, థీసిస్ రాయడం అయిపోయింది, ఇక ముస్తాబే మిగిలిందంటున్నావా? అసలు తిప్పలన్నీ ఆ ముస్తాబులోనే ఉన్నాయి. పిడుగురాళ్ల సున్నం మీద నువ్వు రాసిన రెండో అధ్యాయంలో ఇంకో పటం పెట్టమని మీ గైడుగారు అన్నారనుకో. నంబర్లన్నీ చేత్తో కొట్టుకుంటూ పోయావాయె, 2.4 కాస్తా 2.5 అవుతుంది. ఇక దాని వెనకాల ఉన్న నంబర్లన్నీ వెతికి దిద్దుకోవాలి.

లేటెక్ అనే అచ్చుకూర్పు ప్రోగ్రాంలో ఆ బాధ లేదు. పటానికి నంబరు కాదు, పేరు పెడతావు. 'లేబుల్' అని ఆదేశమిచ్చి 'సున్నంబట్టీ' అంటావు. దాని ప్రస్తావన వచ్చినచోట 'రెఫ్' అని అదే పేరు రాస్తావు. మొదటిసారి నడిపినప్పుడు అక్కడ రెండు ప్రశ్నార్థకాలు కనిపిస్తాయి, కంగారుపడకు. ఏ పేరుకు ఏ నంబరు పడిందో ఆ తడవకు అది పక్కన ఇంకో ఫైల్లో రాసుకుంటుంది. రెండో తడవ ఆ ఫైలు చదివి ప్రశ్నార్థకాల చోట నంబర్లు నింపుతుంది. విషయసూచిక కూడా ఇలాగే తయారవుతుంది.

దీని అడుగున పనిచేసేది టెక్. స్టాన్‌ఫర్డ్ ప్రొఫెసరు డొనాల్డ్ నూత్ 1977లో తన పుస్తకం రెండో సంపుటానికి కొత్త ప్రూఫులు చూశాడు. అప్పటికి సీసపు అక్షరాలు పోయి ఫోటో కంపోజింగు వచ్చింది. ఆ అచ్చు ఆయన కంటికి నచ్చలేదు. సరే, నేనే చేసుకుంటానని దిగాడు. తొందరగా తేలిపోతుందనుకున్న పని దాదాపు పదేళ్లు పట్టింది. టెక్ వెర్షన్ నంబరు 3.14159... అంటూ ఒక్కో అంకె పెరుగుతూ గణితంలోని 'పై' (π) విలువకు దగ్గరవుతుంది. ప్రోగ్రాంలో తప్పు పట్టినవాళ్లకు ఆయన మొదట్లో 2.56 డాలర్ల చెక్కు రాసిచ్చేవాడు. 256 అంటే రెండును ఎనిమిదిసార్లు హెచ్చవేస్తే వచ్చేది, కంప్యూటరువాళ్ల ముచ్చట! టెక్ మీద లెస్లీ లాంపోర్ట్ 1980లలో కట్టిందే లేటెక్.

దీని అసలు తెలివి పేరా దగ్గర చూడాలి. మామూలు ప్రోగ్రాము ఒక పంక్తి నింపి, వెనక్కి చూడకుండా తరవాతి పంక్తికి పోతుంది. పెళ్లిబంతిలో ముందు ఆకులకు బూరెలు దోసిళ్లతో వడ్డిస్తే చివరి ఆకుల దగ్గరికి వచ్చేసరికి గంగాళం ఖాళీ అయినట్టే. టెక్ బంతి మొత్తం చూసుకుని చెయ్యి ఆడిస్తుంది. మాటల మధ్య ఖాళీ ఎంత సాగిందో పంక్తి పంక్తికీ లెక్కకడుతుంది. ఎంత సాగితే అంత చెడుపు కింద జమ; సాగుడు రెట్టింపైతే ఆ చెడుపు ఎనిమిది రెట్లు. పేరా మొత్తం మీద చెడుపు తక్కువగా పడేలా ఎక్కడ విరవాలో అప్పుడు తేలుస్తుంది. ఈ పద్ధతిని నూత్, మైకేల్ ప్లాస్ కలిసి 1981లో ప్రకటించారు.

మరి పల్నాటి వీరచరిత్ర మీద తెలుగులో థీసిస్ రాసే మీ స్నేహితురాలి సంగతేమిటంటావా? మన మాటలు పొడవు. 'కారంపూడియుద్ధరంగంలోని' అని ఒక్క మాట పడితే పంక్తి మధ్య ఎడాలు పెరుగుతాయి. మాట విరవాలంటే ఎక్కడపడితే అక్కడ కుదరదు. 'మాచర్ల'లో రకూ దాని కింది లవత్తుకూ మధ్య కత్తెర పడకూడదు. ఆ నియమాలు చెప్పే తెలుగు పట్టికలు టెక్‌కు ఉన్నాయి. ఇంగ్లిషు అక్షరాలతో కొట్టి తెలుగు అచ్చు తీసే పద్ధతి 1990లలోనే ఉండేది. 2004లో జోనథన్ క్యూ తెచ్చిన జీటెక్ యూనికోడ్‌ను నేరుగా చదువుతుంది, పోతన ఫాంటు పెడితే ఒత్తులు వాటి చోట్లలో అవే కూచుంటాయి. ఒక్క జాగ్రత్త: డీటీపీ షాపుల్లో పాత అను ఫాంట్లలో కొట్టించిన పాఠం ఉన్నదున్నట్టు పనికిరాదు, ముందు యూనికోడ్‌లోకి మార్పించాలి.

సమర్పించే తేదీ ముంచుకొచ్చాక లేటెక్ నేర్చుకోవాలని మటుకు కూర్చోకు. తప్పుందని చెప్పే ఎర్ర సందేశం ఒకటి కనబడితే చాలు, రాత్రి గడిచిపోతుంది. మీ విశ్వవిద్యాలయం మార్జిన్లు, వరుస ఎడం ఎంతంటుందో ముందు అడిగి, ఒక్క అధ్యాయంతో మొదలుపెట్టు. అది కుదిరితే మిగతావి దాని వెంటే వస్తాయి.