మైదానానికి దారి.. ఎనిమిదో తరగతిలోనే
ఎన్‌సీసీకి రెండేళ్లు.. స్కౌట్స్‌కు దశల వారీ మెట్లు
పదిలో అడిగితే సమయం ఉండదు.. తల్లిదండ్రులూ, గమనించండి

ధారూర్: పదో తరగతిలో చేరిన విద్యార్థికి ఆ ఏడాదంతా పరీక్షల చుట్టూనే తిరుగుతుంది. చలికాలం వచ్చేసరికి ఉదయం, సాయంత్రం ప్రత్యేక తరగతులు మొదలవుతాయి. ఆటస్థలం వైపు చూసే తీరిక ఉండదు. అప్పుడు ఎన్‌సీసీలో చేరతానన్నా, స్కౌట్స్‌లో పేరు రాయించుకుంటానన్నా ‘ఇప్పుడెలా?’ అనే ప్రశ్నే ఎదురవుతుంది. పాఠ్యపుస్తకాలకు వెలుపల ప్రభుత్వ ఉన్నత పాఠశాలల విద్యార్థులకు అందుబాటులో ఉన్న అవకాశాల్లో చాలావాటికి ఏడాదికి మించిన వ్యవధి అవసరం. అందుకే నిర్ణయం ఎనిమిదో తరగతి ఆరంభంలో, జూన్ నెలలోనే జరగాలి. ఏయే అవకాశాలున్నాయి, వాటిని ఎలా అందుకోవాలి అన్న విషయాలు పల్లెల్లోని తల్లిదండ్రులకు చేరకపోవడమే అసలు సమస్య.

వికారాబాద్ - తాండూరు మార్గంలోని ధారూర్ మండలం 2016 అక్టోబరు 11న వికారాబాద్ జిల్లా ఏర్పడేంత వరకు రంగారెడ్డి జిల్లాలో భాగం. ఇక్కడి కుటుంబాలకు వ్యవసాయమే ప్రధాన ఆధారం. చుట్టుపక్కల గ్రామాలు, తండాల నుంచి బస్సుల్లో, ఆటోల్లో, కాలినడకన బడికి వచ్చే పిల్లలకు సాయంత్రం గంట మోగగానే ఇల్లు చేరడమే తొందర. ఇలాంటి చోట జట్టులో చోటు, క్లబ్బులో సభ్యత్వం దక్కాలంటే ప్రతిభ ఒక్కటే చాలదు. ముందుచూపు కూడా ఉండాలి.

తొలి పోటీ మండలంలోనే..

పాఠశాల క్రీడలకు దేశవ్యాప్తంగా పెద్ద వేదిక స్కూల్ గేమ్స్ ఫెడరేషన్. 1954లో ఏర్పడిన ఈ సంస్థ అండర్-14, అండర్-17, అండర్-19 విభాగాల్లో బాలబాలికలకు వేర్వేరుగా పోటీలు నిర్వహిస్తుంది. ఉన్నత పాఠశాల విద్యార్థులకు మొదటి రెండు విభాగాలు వర్తిస్తాయి. కబడ్డీ, ఖోఖో, వాలీబాల్, అథ్లెటిక్స్ వంటివి పల్లె బడులకు అనువైనవి.

జాతీయ జట్టులో ఆడాలన్నా తొలి మెట్టు మండలమే. పాఠశాల, మండలం, జిల్లా, రాష్ట్రం.. ఈ వరుసలోనే పైకి వెళ్లాలి. మండల ఎంపికల రోజున హాజరు కాని క్రీడాకారుడు ఎంత మెరికైనా ఆ ఏడాదికి వెనుకబడినట్లే. ఎంపికల తేదీ సాధారణంగా కొద్ది రోజుల ముందే తెలుస్తుంది. ఒక్కోసారి అవి పత్తి ఏరే రోజులతో కలిసి వస్తాయి. పిల్లలను పొలానికి తీసుకెళ్లే ఇళ్లలో ఆ ఒక్క రోజు మినహాయింపు ఇవ్వడం ఎంతో అవసరం.

ఈ పోటీల్లో వయసు నిర్ధారణే కీలకం. జనన ధ్రువీకరణ పత్రం, ఆధార్, పాఠశాల రిజిస్టరు.. ఈ మూడింటిలోనూ పుట్టిన తేదీ ఒకేలా ఉండాలి. తేడా ఉంటే గెలిచిన తర్వాత కూడా ఇబ్బంది తప్పదు. దిద్దుబాటుకు వారాలు పడుతుంది కనుక వేసవి సెలవుల్లోనే సరిచూసుకోవడం మేలు.

ఖర్చు తక్కువ.. కావలసింది బరి

కబడ్డీకి పరికరాలేవీ అక్కర్లేదు. పురుషుల బరి 13 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు. మహిళలది 12 మీటర్ల పొడవు, 8 మీటర్ల వెడల్పు. జట్టులో 12 మంది ఉంటే ఏడుగురు బరిలోకి దిగుతారు. ఒక్కో కూతకు 30 సెకన్ల గడువు. ఖోఖోకు రెండు స్తంభాలు, సున్నపు గీతలు చాలు; తొమ్మిది మంది ఆడతారు. వాలీబాల్‌కు ఒక వల, ఒక బంతి, ఆరుగురు ఆటగాళ్లు ఉంటే ఆట మొదలవుతుంది.

బడిలో స్థలం లేకపోతే ఊళ్లో ఉందేమో చూడాలి. రాష్ట్ర ప్రభుత్వం 2022 జూన్ 2న తెలంగాణ క్రీడా ప్రాంగణాలను ప్రారంభించింది. గ్రామాల్లో కబడ్డీ, ఖోఖో, వాలీబాల్ ఆడుకునేలా వీటిని రూపొందించారు. బోర్డు తప్ప ఆట కనిపించని ప్రాంగణాలను శుభ్రం చేయించి, సాయంత్రాలు పిల్లలకు అప్పగించడం పంచాయతీల చేతిలోని పని. బస్సు కోసం బడి విడిచిన వెంటనే ఊరు చేరే పిల్లలకు సాధన చేసుకునేందుకు ఇంటి దగ్గరి మైదానమే దిక్కు.

ఎన్‌సీసీకి రెండేళ్లు

నేషనల్ క్యాడెట్ కోర్ 1948లో ఏర్పడింది. ఐక్యత, క్రమశిక్షణ దీని నినాదం. పాఠశాల స్థాయిలో బాలురకు జూనియర్ డివిజన్, బాలికలకు జూనియర్ వింగ్ ఉన్నాయి. కవాతు, పటాల పరిజ్ఞానం, ఆయుధ శిక్షణ, ప్రథమ చికిత్స, సామాజిక సేవ ఇందులో నేర్పుతారు. రెండేళ్ల శిక్షణ, 75 శాతం హాజరు, ఒక వార్షిక శిబిరం పూర్తిచేసిన వారు ‘ఏ’ సర్టిఫికెట్ పరీక్షకు అర్హులవుతారు. ఎనిమిదిలో చేరితే తొమ్మిదితో రెండేళ్లూ నిండుతాయి. తొమ్మిదిలో చేరినవారికి పదో తరగతి చదువు, శిబిరం, హాజరు అన్నీ ఒకేసారి మీద పడతాయి.

అన్ని పాఠశాలల్లోనూ ఎన్‌సీసీ ఉండదు. బెటాలియన్ నుంచి మంజూరు కావాలి, బాధ్యత తీసుకునే ఉపాధ్యాయుడు శిక్షణ పొంది ఉండాలి. అందువల్ల ఆరో తరగతిలో చేర్పించేటప్పుడే ఆ బడిలో ఎన్‌సీసీ ఉందో లేదో అడిగి తెలుసుకోవాలి. లేని పక్షంలో ప్రధానోపాధ్యాయుని ద్వారా మంజూరుకు దరఖాస్తు చేయించవచ్చు.

స్కౌట్స్, గైడ్స్

ఎన్‌సీసీ లేని బడికి చక్కని ప్రత్యామ్నాయం భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్. 1950 నవంబరు 7న ఏర్పడిన ఈ సంస్థలో పదేళ్లు నిండిన బాలురు స్కౌట్లుగా, బాలికలు గైడ్లుగా చేరవచ్చు. ఆరుగురి నుంచి ఎనిమిది మంది వరకు ఒక పెట్రోల్‌గా ఏర్పడి, తమలో ఒకరిని నాయకుడిగా ఎన్నుకుంటారు. ముడులు వేయడం, గుడారం నిలపడం, దిక్కులు గుర్తించడం, గాయాలకు కట్టు కట్టడం వంటివి చేతులతో చేసి నేర్చుకుంటారు.

ప్రవేశ్‌తో మొదలై ప్రథమ, ద్వితీయ, తృతీయ సోపానాలు దాటాక రాజ్య పురస్కార్, ఆపైన రాష్ట్రపతి పురస్కారం ఉంటాయి. ప్రతి మెట్టుకూ కొన్ని నెలల వ్యవధి తప్పనిసరి. ఏడు, ఎనిమిది తరగతుల్లో మొదలుపెట్టిన వారికే బడి విడిచేలోగా పై మెట్లు అందుతాయి.

2018 జులైలో జాతీయ స్థాయిలో ప్రారంభమైన స్టూడెంట్ పోలీస్ క్యాడెట్ కార్యక్రమం కూడా ఎనిమిది, తొమ్మిది తరగతుల వారికే ఉద్దేశించినది. ఎంపికైన పాఠశాలల్లో రహదారి భద్రత, మహిళలు, పిల్లల రక్షణ, చట్టాలపై అవగాహన వంటి అంశాల్లో శిక్షణ ఇస్తారు. పదో తరగతి విద్యార్థికి ఇందులో చోటు లేదు.

ఆలోచనకు పది వేలు

ఆటల్లో ఆసక్తి లేని విద్యార్థికి శాస్త్ర క్లబ్బు దారి చూపుతుంది. కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ నిర్వహించే ఇన్‌స్పైర్ మానక్ పథకం కింద ఒక్కో పాఠశాల ఐదుగురు విద్యార్థుల ఆలోచనలను ఆన్‌లైన్‌లో పంపవచ్చు. ఎంపికైతే నమూనా తయారీకి రూ.10 వేలు విద్యార్థి బ్యాంకు ఖాతాలోనే జమవుతాయి. ఆ నమూనాతో జిల్లా ప్రదర్శనకు, గెలిస్తే రాష్ట్ర, జాతీయ ప్రదర్శనలకు వెళ్తారు. ఆరు నుంచి పది వరకు అన్ని తరగతుల వారూ అర్హులే. కంది చేనులో పురుగును కనిపెట్టే ఉపాయం, పత్తి ఏరే అమ్మ నడుము నొప్పిని తగ్గించే సంచి.. ఇలా ఇంట్లో, చేనులో కనిపించే ఇబ్బందికి పరిష్కారం వెతికితే చాలు. ఖాతా లేనివారు ముందుగా తెరిపించుకోవాలి.

పర్యావరణ క్లబ్బుల కోసం కేంద్రం 2001-02లో జాతీయ హరిత దళం పథకాన్ని తెచ్చింది. మొక్కలు నాటి ఫొటో దిగడంతో ఈ క్లబ్బు పని ముగియరాదు. హైదరాబాద్ గుండా ప్రవహించే మూసీ నది పుట్టింది మన జిల్లాలోని అనంతగిరి కొండల్లో. కోట్‌పల్లి జలాశయం దగ్గర్లోనే ఉంది. ఊరి బావి నీటిమట్టాన్ని నెలకోసారి కొలిచి పుస్తకంలో రాసుకోవడం, అడవి చెట్ల పేర్లను పెద్దల నోట సేకరించడం వంటివి ఇక్కడి పిల్లలు చేయగలిగిన పనులు. రెండేళ్ల లెక్కలు చేతిలో ఉంటే ఇన్‌స్పైర్‌కు, జిల్లా సైన్స్ ఫెయిర్‌కు అదే ముడిసరుకు అవుతుంది.

పాట, నృత్యం, చిత్రకళల్లో నేర్పున్న వారికి 2015లో ప్రారంభమైన కళా ఉత్సవ్ పోటీలున్నాయి. తొమ్మిదో తరగతి నుంచి ఇంటర్ వరకు పాల్గొనవచ్చు. జానపదం నోటికి వచ్చిన తండా పిల్లలకు ఇది తగిన వేదిక.

నిధులున్నాయి.. అడగాలి

2018లో వచ్చిన సమగ్ర శిక్ష మార్గదర్శకాల ప్రకారం ఉన్నత పాఠశాలకు క్రీడా సామగ్రి నిమిత్తం ఏటా రూ.25 వేల వరకు, యువ, పర్యావరణ క్లబ్బులకు మరో రూ.25 వేల వరకు కేటాయింపు ఉంటుంది. ప్రతి పాఠశాలకూ ఆటస్థలం, క్రీడా సామగ్రి ఉండాలని 2009 నాటి విద్యాహక్కు చట్టం చెబుతోంది. ఆరు నుంచి ఎనిమిది తరగతుల్లో వంద మందికి మించి విద్యార్థులున్న చోట వ్యాయామ విద్యకు పార్ట్‌టైమ్ బోధకులు ఉండాలన్నదీ అదే చట్టంలోని నిబంధన. ఈ ఏడాది ఎంత వచ్చింది, ఏమి కొన్నారు అని పాఠశాల కమిటీ సమావేశంలో మర్యాదగా అడగడం తల్లిదండ్రుల హక్కు.

బాలికలే ఎక్కువ నష్టపోతున్నారు

ఆట మానేసే వారిలో ముందుండేది ఆడపిల్లలే. ఎనిమిది, తొమ్మిది తరగతులకు వచ్చేసరికి పొరుగూరికి పంపడానికి ఇంట్లో సంకోచిస్తారు. ఆ భయాన్ని తీసిపారేయలేం. జట్టు వెంట ఉపాధ్యాయిని వస్తారా, తిరుగు ప్రయాణం ఎన్ని గంటలకు అన్న వివరాలను పాఠశాల ముందే చెబితే సగం సంకోచం తొలగుతుంది. బస్సు చార్జీల బెడద కొంత తీరింది. మహాలక్ష్మి పథకం కింద 2023 డిసెంబరు 9 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో బాలికలకు, మహిళలకు ప్రయాణం ఉచితం. గుర్తింపు కార్డు వెంట ఉంచుకుంటే చాలు.

బడి చూపిన దారిలో ఎంత దూరం వెళ్లవచ్చో చెప్పడానికి మన రాష్ట్రపు ఆడపిల్లలే నిదర్శనం. నిజామాబాద్ జిల్లా గిరిజన కుటుంబానికి చెందిన మాలావత్ పూర్ణ సాంఘిక సంక్షేమ గురుకులంలో చదువుతూ భువనగిరి కొండపై శిలారోహణ నేర్చుకుంది. 2014 మే 25న 13 ఏళ్ల 11 నెలల వయసులో ఎవరెస్టు శిఖరాన్ని చేరింది. వరంగల్ ప్రాంతంలోని కల్లెడ గ్రామానికి చెందిన జీవాంజి దీప్తి పరుగులోని వేగం బడిలో చదివే రోజుల్లోనే పెద్దల కంటపడింది. మేధోపరమైన వైకల్యం ఉన్నా ఆమె 2024లో కోబె ప్రపంచ పారా అథ్లెటిక్స్‌లో 400 మీటర్ల స్వర్ణం, అదే ఏడాది పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం సాధించింది. ఇద్దరి విషయంలోనూ బడి వయసులోనే ఎవరో గుర్తించి, ఇంటివారిని ఒప్పించారు.

ధ్రువపత్రం విలువెంత?

రాష్ట్రంలో ఇంజినీరింగ్ ప్రవేశాల్లో ఎన్‌సీసీ విద్యార్థులకు 1 శాతం, క్రీడాకారులకు 0.5 శాతం సీట్లు ప్రత్యేకించారు. ప్రభుత్వ ఉద్యోగాల్లో క్రీడాకారులకు 2 శాతం రిజర్వేషన్ ఉంది. అయితే పోటీ స్థాయిని బట్టి ప్రాధాన్య క్రమం ఉంటుంది. మండల స్థాయి పత్రంతో సీటు వస్తుందని ఆశపడరాదు. పత్రం రాకపోయినా రోజూ గంటసేపు పరుగెత్తిన శరీరం, పదిమందితో కలిసి పనిచేసిన అలవాటు వృథా కావు.

మరో ముఖ్య విషయం. హకీంపేటలోని రాష్ట్ర క్రీడా పాఠశాలలో నాలుగో తరగతిలోనే ప్రవేశాలు జరుగుతాయి. 1993లో ప్రారంభమైన ఈ పాఠశాలకు పరుగు, దూకడం, బంతి విసరడం వంటి పరీక్షలతో ఎంపిక చేస్తారు. ఉన్నత పాఠశాల విద్యార్థికి ఆ అవకాశం దాటిపోయినా, ఇంట్లో మూడో తరగతి చదివే తమ్ముడో చెల్లెలో ఉంటే ఇప్పుడే ఆలోచించవచ్చు.

తరగతుల వారీగా ఇలా..

* ఏడో తరగతి వేసవి: పుట్టిన తేదీ పత్రాలు సరిచూసుకోవాలి. బ్యాంకు ఖాతా తెరిపించాలి.
* ఎనిమిదో తరగతి జూన్: ఒక ఆట, ఒక క్లబ్బు ఎంచుకోవాలి. ఎన్‌సీసీ ఉంటే పేరు ఇవ్వాలి, లేకుంటే స్కౌట్స్‌లో చేరాలి.
* ఎనిమిది, తొమ్మిది: మండల ఎంపికలకు తప్పక వెళ్లాలి. ఇన్‌స్పైర్‌కు ఆలోచన రాసివ్వాలి. ఎన్‌సీసీ శిబిరం పూర్తిచేయాలి.
* పదో తరగతి: చలికాలానికి ముందే అండర్-17 పోటీలు ముగించుకుని చదువుపై దృష్టి పెట్టాలి. సాయంత్రం అరగంట ఆట మాత్రం మానరాదు.

ఒకే విద్యార్థి అన్నింటిలోనూ చేరనక్కర్లేదు. ఒక్కటి ఎంచుకుని రెండేళ్లు వదలకుండా పట్టుకుంటే చాలు. జూన్‌లో బడి తెరిచిన తొలి వారంలో పుస్తకాలు, యూనిఫాం గురించి అడగడానికి వెళ్లే తల్లిదండ్రులు ‘మా బిడ్డను ఏ జట్టులో చేర్చుకుంటారు?’ అని మరో ప్రశ్న వేయాలి. ఆ ఒక్క ప్రశ్న ఎనిమిదో తరగతిలో అడిగితే, పదో తరగతి విద్యార్థి ‘ఇప్పుడెలా?’ అని చింతించే అవసరం రాదు.