ఇంజన్ పడవ నడపడం సరే, కట్టడం మాటేమిటి?

విరూర్ రైలు కట్ట మీది ఊరు, ఏటి ఒడ్డు ఊరు కాదు. అయినా వార్ధా నదితో మన ఇళ్లకు రాకపోకలు పాతవే. ఏటి అవతల గోండ్‌పిప్రి వైపు చుట్టాలున్నవాళ్లున్నారు, కిందికి పోతే తుమ్మిడిహెట్టి దగ్గర వైన్‌గంగ కలిసి ప్రాణహిత అయ్యే చోట స్నానాలకు వెళ్లేవాళ్లున్నారు. ఈమధ్య మన కుర్రాళ్లు కొందరు నాటుపడవకు చిన్న ఇంజన్ బిగించి చేపలకు పోతున్నారు. ఇంజన్ నడపడం రెండు రోజుల్లో వస్తుంది. రేవుకు తెచ్చి కట్టడం అంత త్వరగా రాదు. అందుకే ఈ నాలుగు మాటలు.

కట్టడం ఎంత పెద్ద విషయమో 2024 సెప్టెంబరు 1న విజయవాడలో అందరూ చూశారు. కృష్ణకు 11 లక్షల క్యూసెక్కులు దాటిన వరద వచ్చింది. పైన ఒడ్డున ఉన్న ఇసుక పడవలు కొట్టుకొచ్చి ప్రకాశం బరాజ్ గేట్లకు తగిలాయి. గేటును తేలిగ్గా ఎత్తడానికి ఉండే కాంక్రీటు బరువులు, కౌంటర్‌వెయిట్లు అంటారు, అవి దెబ్బతిన్నాయి. ఇరుక్కున్న పడవలను బయటికి తీయడానికి రోజులు పట్టింది. మన పడవలు వాటి ముందు పిల్లలు. కానీ ప్రవాహం తాడును లాగే తీరు ఒక్కటే.

రేవుకు ఎప్పుడూ ప్రవాహానికి ఎదురుగా రావాలి. ఎదురు వస్తే ఇంజన్ తగ్గించినా పడవ మన మాట వింటుంది, ఆగాలంటే నీరే ఆపుతుంది. వాలున వస్తే ఇంజన్ ఆపినా నీరు తోసుకుపోతుంది. ఒడ్డు చేరాక ముందుభాగం తాడు మొదట కట్టాలి, తర్వాతే వెనక తాడు. తొందరలో వెనక కట్టేస్తే ముందుభాగం ఏట్లోకి తిరిగి, నీళ్లు పక్క నుంచి కొట్టి పడవ ఒరుగుతుంది. తాడు పట్టుకుని ఒడ్డుకు దూకడం, దాన్ని చేతికి చుట్టుకోవడం రెండూ వద్దు. పడవ గుంజితే వేళ్లు పోతాయి.

గుంజకు తాడు రెండు చుట్లు తిప్పి తర్వాత ముడి వేస్తే, ప్రవాహం లాగుతున్నా విప్పుకోవచ్చు. ఒడ్డు కోసుకుపోయి వేళ్లు తేలిన చెట్టుకు కట్టకూడదు. పక్కవాడి పడవకు కట్టడం మరీ తప్పు, ఒకటి తెగితే రెండూ పోతాయి. సన్నని ప్లాస్టిక్ తాడు ఎండకు పెళుసుబారుతుంది. నైలాన్ మోకు కాస్త సాగుతుంది కాబట్టి కుదుపును తట్టుకుంటుంది. తాడు చెక్కకు రాసుకునే చోట పాత సైకిల్ ట్యూబు ముక్క చుడితే చాలు, ఖర్చు లేదు.

అసలు చిక్కు తాడు పొడవులో ఉంది. పైన డ్యాముల నుంచి నీరు వదిలితే ఇక్కడ వాన లేకున్నా ఏరు పెరుగుతుంది. బిగించి కట్టిన పడవ నీటితో పాటు లేవలేక ముందుభాగం మునిగి నిండిపోతుంది. నీరు తగ్గితే గట్టున వేలాడుతుంది. కొంత వదులు ఉంచాలి, వానాకాలంలో రాత్రి ఒకసారి లాంతరు పట్టుకుని వెళ్లి చూడాలి. పడవలో చేరిన వాన నీరు తోడేయడం కూడా అప్పుడే.

ఎక్కేటప్పుడు ఒక్కొక్కరే పడవ నడుమ అడుగు వేయాలి. దిగే చోట అందరూ ఒకేసారి లేచి ఒడ్డు పక్కకు వస్తారు, ఎంత చెప్పినా వినరు, బోల్తా ప్రమాదం అక్కడే ఎక్కువ. ఇంజన్ పూర్తిగా ఆపి, రెక్కలు ఆగాకే దింపాలి. నడిపేవాడి నడుముకు ఇంజన్ ఆపే తాడు ఉండాలి. మనిషి నీళ్లలో పడితే ఇంజన్ ఆగిపోతుంది. నడి ఏట్లో ఇంజన్ మొరాయిస్తే లంగరు ముందు నుంచే వేయాలి. లోతుకు అయిదారు రెట్లు తాడు వదిలితే గానీ అది అడుగు పట్టదు. తెడ్డు పడవలో లేకుండా కదలనివ్వకండి.

వరద రోజుల్లోనే ప్రమాదమనుకునేవాళ్లకు ఒక్క మాట. 2024 జనవరి 23న చామోర్షి తాలూకాలో వైన్‌గంగ దాటుతూ నాటుపడవ బోల్తాపడి, మిరపకాయలు ఏరే పనికి పోతున్న ఆరుగురు ఆడవాళ్లు చనిపోయారు. అది చలికాలం. మన ఇళ్ల ఆడవాళ్లు కూడా కూలికి అలాగే దాటతారు.

కాగితాల సంగతీ చెప్పాలి, జీవితమంతా ఫైళ్ల మధ్య గడిపినవాళ్లం కదా. 1917 నాటి పాత చట్టం పోయి 2021లో లోతట్టు జలమార్గాల పడవలకు కొత్త చట్టం వచ్చింది. ఇంజన్ పడవకు తనిఖీ, రిజిస్ట్రేషన్ ఆ చట్టంలో ఉన్నాయి. బాడుగకు మనుషులను ఎక్కించే ఆలోచన ఉన్నవాళ్లు ముందుగా రాజురా తహసీల్ కచేరీలో అడిగి, ఎవరికి దరఖాస్తు పెట్టాలో రాతపూర్వకంగా తీసుకోండి. 2027లో గోదావరి పుష్కరాలకు మన కుటుంబాలు కాళేశ్వరం వెళ్తాయి. అక్కడ పడవ ఎక్కితే లైఫ్ జాకెట్ ఒళ్లో పెట్టుకుని కూర్చోకండి, బకిల్ పెట్టుకోండి. పిల్లలకు పిల్లల సైజుదే అడగండి, పెద్దవాళ్లది తల మీదుగా జారిపోతుంది.