అటక మీది టేపు రికార్డరు: మళ్ళీ మాట్లాడించడం ఎలా?

వేసవి సెలవులకు ఇండియా వెళ్ళి తాతగారి ఇంట్లో అటక సర్దుతుంటే ఎన్నో వస్తువులు బయటపడతాయి. ఇత్తడి బిందెలు, ట్రంకు పెట్టెలు, పాత చందమామలు. కొందరి ఇళ్ళలో వీటితో పాటు ఒక బరువైన పెట్టె కూడా ఉంటుంది. మూత తీస్తే పైన రెండు చక్రాలు, ముందు హార్మోనియం మెట్లలాంటి మీటలు, మధ్యలో ఒక చిన్న గాజు కన్ను. అదే 1950, 60ల నాటి వాల్వు టేపు రికార్డరు. పక్కనే అట్ట డబ్బాల్లో నాలుగైదు టేపులు కూడా ఉంటే మీరు అదృష్టవంతులు.

దాన్ని చూడగానే ఎవరికైనా "పనిచేస్తుందేమో చూద్దాం" అని ప్లగ్గు పెట్టాలనిపిస్తుంది. దయచేసి ఆ పని చేయకండి. యంత్రం కాలిపోవచ్చు, షాక్ కొట్టవచ్చు. అన్నిటికంటే ముఖ్యంగా, టేపులో ఉన్న గొంతు శాశ్వతంగా చెరిగిపోవచ్చు. ఎలాగో, దానికి విరుగుడు ఏమిటో ఈ వ్యాసంలో చూద్దాం.

కొంచెం చరిత్ర

అయస్కాంతపు పొడి పూసిన కాగితపు రిబ్బను మీద శబ్దాన్ని నిలపవచ్చని 1928లో జర్మనీలో ఫ్రిట్జ్ ఫ్లాయ్‌మర్ పేటెంటు తీసుకున్నాడు. 1935లో బెర్లిన్ రేడియో ప్రదర్శనలో ఏఈజీ సంస్థ "మాగ్నెటోఫోన్" అనే యంత్రాన్ని చూపించింది. రెండో ప్రపంచయుద్ధం తర్వాత ఈ విద్య మిగతా దేశాలకు పాకింది. 1950లు వచ్చేసరికి గ్రుండిగ్, టెలిఫంకెన్, ఫిలిప్స్ వంటి కంపెనీలు ఇళ్ళలో వాడుకునే మెషిన్లు అమ్మడం మొదలుపెట్టాయి. మన వైపు ఎక్కువగా విదేశాలకు వెళ్ళివచ్చిన వాళ్ళ ఇళ్ళలోనే ఇవి కనిపించేవి.

వాల్వు అంటే ఏమిటి?

పిల్లలకు అర్థమయ్యేట్టు చెప్పాలంటే వాల్వు ఒక కుళాయి. గాలి తీసేసిన గాజు బుడ్డిలో సన్నని ఫిలమెంటు వేడెక్కి, దాని చుట్టూ ఉన్న కాథోడు నుంచి ఎలక్ట్రాన్లు బయటికి వస్తాయి. ఎదురుగా ఉన్న ఆనోడు మీద 200, 250 వోల్టులు ఉంటాయి కాబట్టి అవి అటు పరుగెడతాయి. మధ్యలో ఉన్న తీగల జల్లెడే గ్రిడ్. దాని మీద వోల్టేజి కొంచెం మారితే చాలు, ఎలక్ట్రాన్ల ప్రవాహం చాలా మారిపోతుంది. టేపు హెడ్డు నుంచి వచ్చే సిగ్నల్ వోల్టులో వెయ్యో వంతు స్థాయిలో ఉంటుంది. ఇలాంటి కుళాయిలు మూడు, నాలుగు వరుసగా పెట్టి దాన్ని స్పీకరు మోగేంత పెంచుతారు. ఇఎఫ్ 86, ఇసిసి 83, ఇఎల్ 95 అన్నవి ఈ మెషిన్లలో తరచు కనిపించే వాల్వుల పేర్లు. ఆకుపచ్చగా వెలిగే కన్ను కూడా ఒక వాల్వే. రికార్డింగ్ ఎంత గట్టిగా వెళుతోందో అది చూపిస్తుంది.

చాలామంది వాల్వులు పోయాయేమోనని ముందు వాటినే అనుమానిస్తారు. నిజానికి చెడిపోయేవి ఎక్కువగా కండెన్సర్లు, రబ్బరు భాగాలు, స్విచ్చుల కాంటాక్టులు. వాల్వులు చాలా గట్టివి.

ముందు జాగ్రత్త

ఈ పెట్టెలో 250 వోల్టుల డీసీ ఉంటుంది. ప్లగ్గు తీసేసిన తర్వాత కూడా పెద్ద కండెన్సర్లలో అది నిలవ ఉండవచ్చు. అందుకని మూత తీశాక 10 కిలో ఓమ్‌ల, 5 వాట్ల రెసిస్టరును ఇన్సులేషన్ ఉన్న క్లిప్పులతో ఆ కండెన్సరుకు తగిలించి పది సెకన్లు ఉంచాలి. తర్వాత మల్టీమీటరుతో చూసి సున్నా అయిందని నిర్ధారించుకున్నాకే చెయ్యి పెట్టాలి. కరెంటు ఉండగా కొలతలు తీయాల్సి వస్తే ఒక చెయ్యి జేబులో పెట్టుకోవడం పాత రేడియో మెకానిక్కుల అలవాటు. షాక్ కొట్టినా గుండె మీదుగా పోకుండా ఉంటుందని. ఈ పని తెలియనివాళ్ళు తెలిసినవాళ్ళను పక్కన పెట్టుకోండి. పిల్లలు చూడవచ్చు గానీ ముట్టుకోకూడదు.

అంచెలంచెలుగా మరమ్మతు

మొదటిది, కళ్ళతో చూడటం. మెయిన్స్ వైరు పగిలిందా? రెసిస్టర్లు నల్లబడ్డాయా? కండెన్సర్ల నుంచి మైనం కారిందా? రబ్బరు బెల్టు తారులా కరిగి అంటుకుందా? కరిగిన బెల్టును ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో ఓపికగా తుడిచి, అదే పొడవు, మందం ఉన్న కొత్త బెల్టు వేయాలి. ఎండిపోయిన గ్రీజు వల్ల మీటలు బిగుసుకుపోతే బలవంతంగా నొక్కకూడదు. పాత గ్రీజు తీసి కొత్తది పలుచగా రాయాలి. మోటారు బేరింగులకు ఒక్కో చుక్క కుట్టుమిషను నూనె చాలు. రబ్బరు చక్రాలకు మాత్రం నూనె తగలకూడదు, తగిలితే టేపు జారిపోతుంది.

రెండోది, కండెన్సర్లు. వీటిలో ఒక్కటి మాత్రం తప్పనిసరిగా ముందే మార్చాలి. ముందు వాల్వు ఆనోడు నుంచి అవుట్‌పుట్ వాల్వు గ్రిడ్‌కు శబ్దాన్ని దాటించే కాగితపు కండెన్సరు అది. దాని పని శబ్దాన్ని పోనిచ్చి, ఆనోడు మీది డీసీని ఆపడం. వయసు మీద పడ్డాక అది కొద్దికొద్దిగా డీసీని కూడా లీక్ చేస్తుంది. అప్పుడు కుళాయి పూర్తిగా తెరుచుకున్నట్టయి అవుట్‌పుట్ వాల్వు ఎర్రబడుతుంది, తర్వాత ట్రాన్స్‌ఫార్మరు కాలిపోతుంది. చవకగా దొరికే కొత్త ఫిల్మ్ కండెన్సరు వేస్తే, ఎక్కడా దొరకని ట్రాన్స్‌ఫార్మరు మిగులుతుంది. పవర్ సప్లైలోని ఎలక్ట్రోలిటిక్ కండెన్సర్లు ఎండిపోయి ఉంటే వాటినీ మార్చాలి. మైక్రోఫారడ్లు అంతే ఉండాలి, వోల్టేజి రేటింగ్ అంతే గానీ ఎక్కువ గానీ ఉండాలి.

మూడోది, వోల్టేజి సెలెక్టరు. ఖతర్‌లో కరెంటు 240 వోల్టులు, 50 హెర్ట్జ్. పాత మెషిన్ల వెనుక 110, 130, 220, 240 అని తిప్పే మీట ఉంటుంది. 220 దగ్గర వదిలేస్తే ప్రతి వాల్వు ఫిలమెంటుకూ 9 శాతం ఎక్కువ వోల్టేజి వెళుతుంది, అంటే 6.3 బదులు 6.9 వోల్టులు. వాల్వు ఆయుష్షు తగ్గుతుంది. అమెరికాలోని బంధువులు 60 హెర్ట్జ్‌కు తయారైన మెషిన్ ఇస్తే మరో చిక్కు. ఈ మోటార్ల వేగం హెర్ట్జ్‌ను బట్టి ఉంటుంది కనుక ఇక్కడ అది ఆరో వంతు నిదానంగా తిరుగుతుంది. మన మెషిన్ అక్కడికి తీసుకువెళితే ఐదో వంతు వేగం పెరిగి తాతగారి గొంతు చిన్నపిల్లాడి గొంతులా వినిపిస్తుంది.

నాలుగోది, సిరీస్ బల్బు. మన ఊళ్ళలో ప్రతి రేడియో మెకానిక్ దగ్గరా ఉండే సిరీస్ బోర్డు ఇదే. 60 వాట్ల ఫిలమెంటు బల్బును మెషిన్‌తో వరుసలో కలిపి స్విచ్ వేస్తే, లోపల షార్ట్ ఉన్నప్పుడు బల్బు పూర్తి కాంతితో వెలుగుతుంది, మెషిన్ బతుకుతుంది. షార్ట్ లేకపోతే బల్బు మందంగా వెలుగుతుంది. ఎల్ఇడి బల్బు దీనికి పనికిరాదు. సిరీస్‌లో ఉన్నంతసేపూ మోటారు సరిగ్గా తిరగకపోవచ్చు, దానికి కంగారు పడనక్కరలేదు.

లోపం ఎక్కడుంది?

ఇది మా సాఫ్ట్‌వేర్ వాళ్ళకు అలవాటైన పనే. పెద్ద ప్రోగ్రాములో తప్పు వెతకాలంటే మధ్యకు వెళ్ళి, అక్కడి దాకా బాగుందా లేదా అని చూస్తాం. ఇక్కడా అంతే. పాడైనా ఫరవాలేని టేపు వేసి, రికార్డు మీట నొక్కి, రేడియో ఇన్‌పుట్‌కు మొబైల్ ఫోను నుంచి పాట ఇవ్వండి. ఆకుపచ్చ కన్ను పాటకు తగ్గట్టు కదిలితే మొదటి వాల్వులు బాగున్నట్టే. కన్ను కదిలినా స్పీకరులో ఎప్పుడూ శబ్దం లేకపోతే లోపం చివరి అంచెలో ఉంది. కన్ను వెలుగుతూ కూడా కదలకపోతే మొదటి అంచెలు చూడాలి.

అలాగే లక్షణాలను బట్టి కొంత చెప్పవచ్చు. ఎప్పుడూ "మ్మ్‌మ్" అని మోత వస్తే పవర్ సప్లై కండెన్సరు. గరగరలు, కీచుమనే ఊళ వస్తే రికార్డు-ప్లే స్విచ్చు కాంటాక్టులు లేదా వాల్వు సాకెట్లు, వీటికి కాంటాక్ట్ క్లీనరు చాలాసార్లు సరిపోతుంది. శబ్దం దుప్పటి కప్పినట్టు వస్తే హెడ్డు మీద మురికి. వేగం నిలకడగా లేక గొంతు సాగుతూ ఉంటే గట్టిపడిన రబ్బరు చక్రం.

అసలు ప్రమాదం

ఇప్పుడు మొదట్లో చెప్పిన విషయానికి వద్దాం. రికార్డు-ప్లే స్విచ్చు ఒక పొడవాటి పట్టీ. దాని మీద డజను దాకా కాంటాక్టులు ఉంటాయి. ఏళ్ళ తరబడి కదలక అది రికార్డు వైపే ఇరుక్కుపోతే, మనం ప్లే నొక్కినా లోపల చెరిపే ఆసిలేటరు పనిచేస్తూనే ఉండవచ్చు. అంటే వినడానికి వేసిన టేపు వింటుండగానే చెరిగిపోతుంది. అందుకని ముందు అక్కరలేని, ఏదో రికార్డయి ఉన్న టేపు వేసి వినండి. వెనక్కి తిప్పి మళ్ళీ వినండి. రెండోసారి కూడా అలాగే వినిపిస్తేనే మెషిన్‌ను నమ్మండి. ఇంకా భయంగా ఉంటే చెరిపే హెడ్డు వైరు విప్పి పక్కన పెట్టడం ఉత్తమం.

టేపుకూ వైద్యం కావాలి. చక్రాన్ని వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే పొరల గుండా కాంతి కనిపించేది అసిటేట్ టేపు. అది పెళుసుగా ఉంటుంది, వేగంగా వెనక్కి తిప్పితే తెగుతుంది. వెనిగర్ వాసన వస్తుంటే రసాయనికంగా చెడిపోవడం మొదలైనట్టు, ఇక ఆలస్యం చేయకూడదు. ఒకే ప్రతి ఉన్న టేపు బాగా పాడైతే దాన్ని ఇలాంటి పనికి అలవాటుపడిన నిపుణులకే ఇవ్వండి.

ఇంత శ్రమ ఎందుకు?

మంచి ప్రశ్నే. కొత్త తరం మెషిన్ల మీద వినవచ్చు కదా అని అడగవచ్చు. వినవచ్చు. కానీ హెడ్డు ఏ కోణంలో ఉండి రికార్డు చేసిందో అదే కోణంలో ఉంటేనే గొంతు స్పష్టంగా వస్తుంది. ఇంట్లో రికార్డయిన టేపుకు ఆ కోణం తెలిసినది ఆ ఇంటి మెషిన్ ఒక్కటే. అందుకే హెడ్డు పక్కనున్న చిన్న స్క్రూను, వేరే దారి లేకపోతే తప్ప తిప్పకండి.

యునెస్కో, అంతర్జాతీయ ధ్వని భాండాగారాల సంఘం కలిసి 2019లో "మాగ్నెటిక్ టేప్ అలర్ట్" అనే సర్వే చేపట్టాయి. టేపులు వినిపించే యంత్రాలు, విడిభాగాలు, బాగుచేసే చేతులు 2025 ప్రాంతానికి కరువైపోతాయన్నది వారి హెచ్చరిక. ఆ గడువు వచ్చేసింది.

మా పెదనాన్నగారి మెషిన్ బాగయ్యాక అందులో మా నాయనమ్మ మాటలు ఓ పావుగంట దొరికాయి. జొన్నలు పాతరలో ఎలా పోసేవారో, ఎప్పుడు తీసేవారో పల్నాడు యాసలో చెబుతోంది. మన బడిలో పెద్ద తరగతి పిల్లలకు వినిపించాను. "పాతరేస్తా" అనే సినిమా డైలాగు వాళ్ళందరికీ తెలుసు, పాతర అంటే ధాన్యం దాచే గొయ్యి అని ఒక్కరికీ తెలియదు. ఆ మాట నిఘంటువుల్లో దొరుకుతుంది. వ్యవసాయ పదాలతో భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వంలో మాండలిక వృత్తి పదకోశం 1962లోనే వచ్చింది. కానీ ఆ మాటను ఎలా సాగదీసి పలికేవారో, ఎక్కడ ఆగి నవ్వేవారో టేపు వింటేనే తెలుస్తుంది.

దాచుకోవడం

మెషిన్ బాగుపడగానే కంప్యూటరులోకి ఎక్కించండి. 5 అంగుళాల చక్రంలో 180 మీటర్ల మామూలు టేపు సెకనుకు 9.5 సెంటీమీటర్ల వేగంతో ఒక వైపు సుమారు 32 నిమిషాలు నడుస్తుంది. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ వేవ్ ఫైలుగా, మోనోలో రికార్డు చేస్తే 275 మెగాబైట్ల లోపే. ఎంపీ3 ఒక్కటే దాచవద్దు. మూడు ప్రతులు తీసి ఒకటి ఇండియాలోని బంధువుల దగ్గర ఉంచండి. గొంతు శుభ్రం చేసే సాఫ్ట్‌వేర్ ప్రతి మీదే వాడండి, అసలు ఫైలును ముట్టుకోవద్దు.

దోహాకు తెచ్చుకునేవాళ్ళకు కొన్ని సూచనలు. వాల్వులు విప్పి, ఏ సాకెట్‌లో ఏది ఉందో ఫొటో తీసి, విడిగా బట్టలో చుట్టండి. టేపులు చేతి సంచిలో పెట్టుకోండి, విమానాశ్రయంలోని ఎక్స్‌రే వాటిని ఏమీ చేయదు. ఎండాకాలంలో కారు డిక్కీలో మాత్రం ఒక్క గంట కూడా వదలవద్దు. ఇంటికి తెచ్చాక ఒక రోజు ఏసీ గదిలో డబ్బాలోనే ఉంచి ఆ తర్వాత తెరవండి. స్పీకర్లకు దూరంగా, పుస్తకాల్లాగా నిలబెట్టి ఉంచండి.

ఈ సెలవుల్లో ఊరికి వెళ్ళినప్పుడు అటక ఒకసారి చూడండి. మెషిన్ దొరక్కపోయినా టేపు డబ్బాలు దొరికితే, వాటి మీద రాసి ఉన్న పేర్లు, తేదీలు కాగితం మీద ఎక్కించుకోండి. అందులో ఎవరి గొంతులు ఉన్నాయో చెప్పగల పెద్దలను ఇప్పుడే అడిగి ఆ పక్కనే రాయించండి. టేపు ఇంకొన్నాళ్ళు ఆగినా ఆ పెద్దలు ఆగకపోవచ్చు.